పదకొండో ఫ్రేముకూ పన్నెండో ఫ్రేముకూ మధ్య

"ఈ రెండు ఫోటోల మధ్య ఏం జరిగింది?"

2005 ఆగస్టులో చిక్కబళ్ళాపురం ఫాస్ట్ ట్రాక్ కోర్టులో, సాక్షి బోనులో నిలబడిన నన్ను ఈ ప్రశ్న అడిగింది వకీలు శ్యామలమ్మ. ఆమె చేతిలో ఒక నెగెటివ్ ముక్క ఉంది. కిటికీ వెలుగుకు పెట్టి చూస్తే అందులో పక్కపక్కనే రెండు బొమ్మలు. పదకొండో ఫ్రేములో ఇద్దరు కానిస్టేబుళ్ళ నడుమ ఒక మనిషి. అతని తల మీదనుంచి గడ్డం దాకా టవల్ కప్పి ఉంది. పన్నెండో ఫ్రేములో అదే మనిషి, అవే గోడలు, అదే బల్ల. టవల్ మాత్రం లేదు. అతను నేరుగా కెమెరాలోకి చూస్తున్నాడు.

"టవల్ తీశారు," అన్నాను.

"ఎవరు?"

"కానిస్టేబుల్."

"తనంతట తానే తీశాడా?"

వెనక బెంచీలో నాకు బాగా తెలిసిన సబ్ ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. ఫోటోలోని మనిషి గంగులప్ప, రెండేళ్ళ పైచిలుకు జైలు తరువాత ఇంకా సన్నబడి, గోడవారన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

"లేదు. ముఖం కనబడటం లేదు, టవల్ తీయించండి అని నేనే అడిగాను."

జడ్జిగారు ఆ వాక్యాన్ని కన్నడంలో ఒక్కొక్క మాటగా చెప్పి టైపు చేయించారు. నేను అన్నేళ్ళుగా రాసిన వార్తలన్నీ కలిపినా ఆ ఒక్క వాక్యం చేసినంత పని చేయలేదు. అది ఎందుకు చెప్పవలసి వచ్చిందో మొదటినుంచి చెబుతాను. మనుషుల పేర్లు మార్చాను. స్టేషన్ పేరు, పత్రిక పేరు రాయడం లేదు.

అప్పట్లో నేను చింతామణిలో ఒక కన్నడ దినపత్రికకు స్ట్రింగర్‌ను. స్ట్రింగర్ అంటే పత్రికలో పక్కా ఉద్యోగి కాదు. సొంత ఊళ్ళో ఉంటూ చుట్టుపక్కల వార్తలు పంపే మనిషి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కాగితం మీద రాసేది కన్నడం. మా వైపు సగంమంది బతుకు అంతే కనుక అది వింతగా అనిపించేది కాదు. పొద్దున టమోటా మార్కెట్టు, తరువాత ఆసుపత్రి, మధ్యాహ్నం పోలీసు స్టేషన్. ఫోటోలు కూడా నేనే తీసేవాడిని. ఫిల్మును కవర్లో పెట్టి బెంగళూరు బస్సు కండక్టరు చేతికిస్తే, అక్కడ ఆఫీసు మనిషి వచ్చి తీసుకునేవాడు. ఫోటో అచ్చయ్యేసరికి రెండు మూడు రోజులు పట్టేది.

నేరాల వార్తకు ఒక పద్ధతి ఉండేది. దొంగ దొరికాడంటే స్టేషన్లో బల్ల వేసి, దానిమీద పచ్చగుడ్డ పరిచి, దొరికిన సొత్తు పెట్టి, వెనక ముద్దాయిని నిలబెట్టేవాళ్ళు. ప్రెస్ నోట్ ఇచ్చేవాళ్ళు. అందులో 'నిందితుడు' అని ఉన్నా మేము హెడ్డింగులో 'దొంగ' అనే రాసేవాళ్ళం. ముఖం లేని ఫోటో పంపితే బెంగళూరులో వార్తలు దిద్దే డెస్కునుంచి ఫోను వచ్చేది: "టవల్ ఫోటోలు మాకెందుకయ్యా, టవళ్ళ దుకాణం ప్రకటనా?"

2003 మార్చిలో చింతామణికీ బాగేపల్లికీ మధ్య ఉన్న ఒక సంత ఊళ్ళో కిరాణా అంగడి యజమాని తల్లి సుబ్బమ్మ మీద దాడి జరిగింది. సంతరోజు మధ్యాహ్నం కొడుకు ముందుభాగంలో అంగడి చూసుకుంటున్నాడు. వెనక ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. పెరటి తలుపులోంచి ఎవడో వచ్చి, తల గోడకేసి కొట్టి, మెడలో రెండుపేటల గొలుసు తెంపుకుపోయాడు. తలకు ఏడు కుట్లు పడ్డాయి. సన్నటి మనిషి, మాసిన గడ్డం, ఎన్నడూ చూడనివాడు అని మాత్రం ఆమె చెప్పగలిగింది.

నాలుగు రోజులకు గంగులప్పను పట్టుకున్నారు. బాగేపల్లి పక్క పల్లె అతనిది. సైకిలు వెనక సానరాయి చక్రం కట్టుకుని ఊరూరూ తిరిగి కత్తులకు, కత్తెరలకు, కత్తిపీటలకు సాన పట్టడం అతని పని. ఆ సంతరోజు ఆ ఊళ్ళో ఉన్నాడు. సన్నటి మనిషే, గడ్డమూ మాసి ఉంది. ఊరి బయట ఒక బండరాయి కింద అతను చూపించిన చోట కరిగించిన బంగారు ముద్ద దొరికిందని మహజరు రాశారు. మహజరు అంటే సొత్తు దొరికినప్పుడు సాక్షుల ముందు రాసే కాగితం. ఆ సాక్షులిద్దరిలో ఒకడిది స్టేషన్ పక్కనే టీ అంగడి. అటువంటి కాగితాల మీద అతని సంతకం నేను అంతకుముందు చాలాసార్లు చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆ రోజు బల్లమీద బంగారు ముద్దతోపాటు నాలుగు కత్తులు, ఒక కత్తెర పెట్టారు. ప్రెస్ నోట్‌లో 'మారణాయుధాలు' అని ఉంది. నేనూ అదే రాశాను. అవి ఆ ఊరి ఆడవాళ్ళు సాన పట్టమని ఇచ్చిన వంటింటి కత్తులని నాకు తెలిసింది రెండేళ్ళ తరువాత.

ముందు టవల్‌తోనే ఒక ఫోటో తీశాను. తీశాక డెస్కు మాట గుర్తొచ్చింది.

"సార్, ముఖం కనబడటం లేదు. టవల్ తీయించండి," అన్నాను సబ్ ఇన్‌స్పెక్టరుతో.

"ఇంకా పరేడ్ కాలేదప్పా," అన్నాడు ఆయన.

ఐడెంటిఫికేషన్ పరేడ్ అని ఒకటుంది. ముద్దాయిని అటువంటి ఒడ్డూ పొడుగూ ఉన్న మరికొందరితో కలిపి వరుసలో నిలబెట్టి, తహసీల్దారు సమక్షంలో సాక్షిని గుర్తుపట్టమంటారు. అంతవరకూ ముద్దాయి ముఖం సాక్షి కంట పడకూడదు. టవల్ కప్పేది అందుకే.

"పేపర్లో పడేసరికి మూడు రోజులు. ఆలోగా అయిపోతుంది కదా సార్," అన్నాను.

ఆయనకూ తన స్టేషన్ ఫోటో పేపర్లో బాగా రావాలని ఉంది. కానిస్టేబుల్ వైపు తల ఊపాడు. టవల్ తొలగింది. నేను పన్నెండో ఫ్రేము నొక్కాను.

ఫోటో మూడో రోజు అచ్చయింది. తహసీల్దారుకు తీరిక దొరకక పరేడ్ పదకొండో రోజు జైల్లో జరిగింది. సుబ్బమ్మ వరుసలో నడిచి గంగులప్పను చేత్తో తాకి చూపించింది. అరెస్టునుంచి పరేడ్ దాకా ముద్దాయి ముఖం ఎవరికీ చూపలేదని పోలీసులు రికార్డులో రాశారు. మరుసటి ఏడు చివర్లో శిక్ష పడింది, మూడేళ్ళు. జామీను ఇచ్చే దిక్కులేక అప్పటిదాకా లోపలే ఉన్నాడు. శిక్ష వార్త కూడా నేనే పంపాను. నాలుగు లైన్లు. ఆ రెండు వార్తల మధ్య ఉన్న సంబంధం నాకు తట్టలేదు.

తట్టించింది అతని భార్య నంజమ్మ. 2005 ఎండాకాలంలో ఒకరోజు జెరాక్సు అంగడి మిద్దెమీద ఉన్న మా గదికి వచ్చింది. చేతిసంచిలోంచి మడతలు పడిన పేపరు ముక్క తీసి బల్లమీద పరిచింది. గంగులప్ప ఫోటో.

"ఇది తీసింది నువ్వేనంట గదా?"

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. "నేనేనమ్మా," అన్నాను.

"ఇంత పెద్దది చేసి ఇస్తావేమో అడుగుదామని వచ్చినా. మడిచి మడిచి మొగం మీదనే చినుగుతాండాది."

"ఈ ఫోటో ఎందుకమ్మా?"

"ఇంకోటి యాడుండాది? పెండ్లప్పుడు గూడా తీయలేదు. పిల్లోళ్ళు నాయన యాడ అంటే ఇదే చూపిస్తాండా."

ఇంకో పది నెలల్లో అతను ఎటూ బయటికి వస్తాడు కదా అన్నాను. 

"బయటికొచ్చి ఏం చేస్తాడప్పా? ఆయప్ప పనేమో నీకు తెలుసా? ఇంటింటి ముందర నిలబడి కత్తులియ్యండమ్మా అనేది. దొంగ అనిపించుకున్నోని చేతికి కత్తి ఎవరిస్తారు? వాకిలన్నా తీస్తారా?"

అప్పటిదాకా నాకు ఆ కేసు మూడేళ్ళ శిక్ష. ఆమెకు అది మొత్తం బతుకు. చిక్కబళ్ళాపురంలో లీగల్ ఎయిడ్ వాళ్ళు ఉచితంగా ఇచ్చిన వకీలమ్మ శ్యామలమ్మ అప్పీలు వేసిందని కూడా ఆమే చెప్పింది.

ఆమె వెళ్ళాక నెగెటివ్‌ల డబ్బా తీశాను. ప్రతి ముక్క కవరుమీద పెన్సిలుతో తేదీ రాయడం నాకు అలవాటు. ఫోటో తేదీ, అచ్చయిన తేదీ, పరేడ్ తేదీ ఒక కాగితంమీద వరుసగా రాసుకున్నాను. పరేడ్‌కన్నా ఎనిమిది రోజుల ముందే ఫోటో అచ్చయింది. ఇక తెలుసుకోవలసింది ఒక్కటే. సుబ్బమ్మ ఆ పేపరు చూసిందా?

మరునాడు బస్సెక్కి ఆ ఊరు పోయాను. అంగడి వెనక వసారాలో సుబ్బమ్మ కూర్చుని, పొట్లాలు కట్టడానికి పాత పేపర్లు నాలుగు ముక్కలుగా చించి దొంతి పెడుతోంది. అది ఆమె రోజూ చేసే పని. చదువు రాదు. చేతి లెక్కలో ఒక్క ముక్కా హెచ్చుతగ్గు రాదు.

నేను ఫలానా పేపరు మనిషినని చెప్పాను.

"నీ పేపరు బాగా చినుగుతాదప్పా," అంది. "ఇంకో పేపరు పలచన, బెల్లం పెడితే కారిపోతాది."

నవ్వి, గంగులప్ప ఫోటో సంగతి ఎత్తాను.

"ఏల చూడలేదు? మా వాడు పొద్దున్నే చూపించినాడు. అమ్మా, నిన్ను కొట్టినోడు దొరికినాడు ఇడుగో అని. ఆ ముక్క పొట్లాల్లో పోనీయలేదు నేను." నడుముకు దోపుకున్న ఆకువక్క సంచి విప్పి, ఆకుల అడుగునుంచి నంజమ్మ దగ్గర చూసిన ఆ ఫోటోనే తీసింది. సున్నం మరకలు పడి ఉంది. "దినామూ తీసి చూస్తా. చూసి నాలుగు తిట్టి మళ్ళా లోపల పెడతా."

"జైల్లో ఎట్లా గుర్తుపట్టినావమ్మా?"

"అదేం కష్టం? అంతమందిని నిలబెట్టినారు. అందరూ ఎవురో ఎవురో. ఒగడు పేపర్లో వాడు."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఎవరూ ఆమెను తప్పు చెప్పమనలేదు. తనను కొట్టినవాడు ఇతడేనని ఆమె గట్టిగా నమ్మింది. ఆ నమ్మకం పుట్టించింది నా ఫోటో.

తిరుగు బస్సులో చింతామణిలో దిగకుండా నేరుగా చిక్కబళ్ళాపురం పోయాను. శ్యామలమ్మ యాభై దాటిన మనిషి, మాట పొదుపు. తేదీల కాగితం చూసి, ఆ పేపరు తనూ ఫైల్లో పెట్టిందని, కానీ అది చెల్లదని చెప్పింది.

"పేపర్లో వచ్చింది కోర్టుకు సాక్ష్యం కాదండీ. ఎవరో రాశారు, ఎవరో అచ్చేశారు, అంతే. తీసిన మనిషి బోనెక్కి, నేను తీశాను, ఫలానా రోజు తీశాను అని చెబితేనే విలువ. నెగెటివ్ ఉందా?"

"రెండున్నాయి. ఒకటి టవల్‌తో."

ఆమె కలం కింద పెట్టింది. "మధ్యలో టవల్ ఎవరు తీయమన్నారని అడుగుతాను. మీరు ఏం చెబుతారు?"

"జరిగింది చెబుతాను."

"తరువాత ఆ స్టేషన్ మెట్లు ఎక్కగలరా?"

అప్పీలులో కొత్త సాక్ష్యం తీసుకోమని అడగడం అరుదు. అవసరమనిపిస్తే కోర్టు తీసుకోవచ్చు. జడ్జిగారు ఒప్పుకున్నారు. నాకు సమన్లు వచ్చిన సంగతి నాకన్నా ముందు స్టేషన్‌కు తెలిసింది. సబ్ ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు.

"ఏమప్పా, సాక్షి అయిపోయినావంట. ప్రమోషనా?"

"పిలిచినారు సార్, పోవాల కదా."

"పో, పో. రేపట్నుంచి నీ ప్రెస్ నోట్ పోస్టులో వస్తాది. స్టాంపు మేమే అంటిస్తాం."

ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. ఆ తల ఊపడానికి ముందు అడిగిన నోరు నాది. డెస్కులో పెద్దాయన మాత్రం, పత్రిక పేరు బయటికి రాకుండా చూసుకో అన్నాడు. బోనులో నన్ను ఏ పేపరని అడిగితే ఏం చెప్పమంటారు అంటే ఫోను పెట్టేశాడు.

ఇక కోర్టు. నేను ఆ వాక్యం చెప్పాక పబ్లిక్ ప్రాసిక్యూటరు లేచాడు. ప్రభుత్వం తరఫు వకీలు.

"పరేడ్ కాకముందు ముఖం చూపకూడదని మీకు తెలియదా?"

"తెలుసు."

"తెలిసీ అడిగారా?"

"అడిగాను."

అతను ఇంకేదో అడగబోయి ఆగి కూర్చున్నాడు. నన్ను తప్పుబట్టేకొద్దీ తన కేసే పలచనవుతుందని అతనికి అర్థమైంది.

సుబ్బమ్మను కూడా మళ్ళీ పిలిచారు. ఆకువక్క సంచిలోని ముక్కను కోర్టు తీసుకుంది. జడ్జిగారు వకీళ్ళను ఆపి తామే తెలుగులో అడిగారు. ఆయన కూడా మా వైపు మనిషే.

"అవ్వా, పేపరు పక్కన పెట్టు. ఆ రోజు నిన్ను కొట్టినవాని మొగం నీకు గుర్తుండాదా?"

"ఉండింది సామీ."

"ఇప్పుడు?"

ఆమె కళ్ళు మూసుకుంది.  అంతసేపు ఒక సాక్షిని ఆలోచించనిచ్చిన జడ్జిని నేను మళ్ళీ చూడలేదు.

"కండ్లు మూసుకుంటే పేపర్లో మొగమే వస్తాది," అంది చివరికి. "ముందరిది యాడికి పోయిందో తెల్దు."

గోడవారన గంగులప్ప తల వంచుకున్నాడు. అతను ఏడవడం నేను చూసింది అప్పుడే.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. పరేడ్‌కు ముందే ముఖం సాక్షికి తెలుసు కనుక ఆ గుర్తింపు చెల్లదన్నారు. కరిగిన ముద్ద ఫలానా గొలుసుదేనని చెప్పే ఆధారం లేదన్నారు. శిక్ష రద్దయింది. ఆ రోజే విడుదల చేయమని ఉత్తర్వు ఇచ్చారు.

ఆ వార్త కూడా నేనే రాసి పంపాను, టవల్ సంగతితో సహా. టవల్ భాగం ఎగిరిపోయింది. లోపలి పేజీలో ఆరు లైన్లు పడ్డాయి, ఫోటో లేకుండా. ఆరోపణకు ఇచ్చిన చోటు నిర్దోషి అన్న తీర్పుకు ఇవ్వని అలవాటు మా వృత్తిలో ఇప్పటికీ పోలేదు. నా వరకు నేను ఒకటి మార్చుకున్నాను. తీర్పు వచ్చేదాకా ముద్దాయి ముఖం తీయలేదు. బల్ల తీశాను, చేతులు తీశాను, ఒకసారి చెప్పులు తీశాను. డెస్కు కొన్నాళ్ళు గొణిగింది. తరువాత అలవాటు పడింది.

నంజమ్మ అడిగిన ప్రింటు కూడా వేయించాను. పన్నెండో ఫ్రేములోంచి కానిస్టేబుళ్ళను, బల్లను, గోడమీది బోర్డును కత్తిరించమంటే స్టూడియో అతను, "పెండ్లి చూపులకా సార్?" అన్నాడు. మిగిలింది ఒక ముఖం. పట్టుకుని వాళ్ళ పల్లెకు పోయాను.

గంగులప్ప ఇంటిముందు సానచక్రానికి నూనె పెడుతున్నాడు. సైకిలు రెండేళ్ళకు పైగా స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ నిలబడి, చైను తుప్పు పట్టి వచ్చింది. ఫోటో చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూశాడు.

"బాగా తీస్తావప్పా నువ్వు," అన్నాడు. "ఇంకోసారి మాత్రం తీయొద్దు."

క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ పోయాను. అడిగాను కూడా.  అతను చక్రం తిప్పి చూసుకున్నాడు. నంజమ్మ లోపలినుంచి తమ కత్తిపీట తెచ్చి అతని ముందు పెట్టింది. రాయిమీద ఇనుము పలికింది. పక్కింటావిడ గోడమీదుగా చూసి, కాసేపటికి తనూ ఒక కత్తి తెచ్చి ఇచ్చింది. బాగేపల్లి చుట్టుపక్కల అతనికి మళ్ళీ పని దొరికింది. ఆ సంత ఊరికి మాత్రం అతను మళ్ళీ పోలేదు.

తీర్పు రోజు కోర్టు వసారాలో సుబ్బమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక మాట అడిగింది. "అయితే నన్ను కొట్టినోడు ఎవురప్పా?"  తరువాత స్టేషన్లో ఆ మాటే అడిగితే, కేసు ముగిసింది కదా అన్నారు.

ముద్దను తీసుకోమని కోర్టు సుబ్బమ్మకు కబురు చేసింది. నాది గొలుసు, ఇది ఎవరి కొంపదో, నాకొద్దు అంది. గంగులప్పను అడిగితే, తీసుకుంటే నేనే దాచినట్టవుతాది, నాది కాదు అన్నాడు. సుబ్బమ్మ చనిపోయి చాలా ఏళ్ళయింది. నేను చివరిసారి విచారించినప్పుడు ఆ ముద్ద లక్క ముద్ర వేసిన కవరులో ఖజానాలోనే ఉంది. అది ఎవరి బంగారమో, ఆ బండరాయి కిందికి ఎట్లా వచ్చిందో ఏ కాగితంలోనూ లేదు. సుబ్బమ్మను కొట్టినవాడి కోసం, గంగులప్పను పట్టుకున్న రోజునుంచి ఎవరూ వెతకలేదు.